గాజు సీసాలో కుకీ మిశ్రమం కానుకగా ఇవ్వడం: కొలతలు, వరుసలు, నిల్వ గురించి చర్చ

తీపిగింజ (ప్లేనో, టెక్సస్)

అందరికీ నమస్కారం. డిసెంబరు సెలవులకు ముందు మా అబ్బాయి తరగతి ఉపాధ్యాయురాలికీ, బడి బస్సు నడిపే ఆవిడకీ, మా వీధిలోని కొన్ని కుటుంబాలకూ ఏదైనా చేతితో చేసిన కానుక ఇవ్వాలని అనుకుంటున్నాను. ఇక్కడ క్రిస్మస్ రోజుల్లో చాలామంది అమెరికన్లు మైదా, చక్కెర, ఓట్స్, చాక్లెట్ చిప్స్ వంటి పొడి సరుకులను ఒక గాజు సీసాలో వరుసలుగా నింపి, మూతకు గుడ్డ కట్టి, కాల్చే పద్ధతి రాసిన చీటీని తగిలించి ఇస్తారు. తీసుకున్నవారు వెన్న, గుడ్డు కలిపి తమ ఓవెన్‌లో కుకీలు కాల్చుకుంటారు. ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. వండిన తీపి పదార్థం ఇస్తే ఆ రెండు మూడు రోజుల్లోనే తినాలి, ఇదైతే వారికి తీరిక దొరికినప్పుడు చేసుకోవచ్చు.

అయితే అంతర్జాలంలో ఒక్కొక్కరు ఒక్కో కొలత చెబుతున్నారు. క్వార్ట్ సీసాలో సరిగ్గా ఎంత పడుతుంది, ఏది కింద ఉండాలి, ఏది పైన ఉండాలి, ఎన్ని రోజుల ముందు నింపి పెట్టుకోవచ్చు అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరా? మా వీధిలో గుడ్డు తినని గుజరాతీ కుటుంబం ఒకటి ఉంది. వారికి ఏమివ్వాలో కూడా చెప్పండి.

ఎడిసన్ వంటిల్లు (న్యూజెర్సీ)

తీపిగింజ గారూ, ఇది మా ఇంట్లో ఏటా జరిగే పని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

క్వార్ట్ సీసా అంటే సుమారు 946 మిల్లీలీటర్లు, అమెరికా కప్పుతో నాలుగు కప్పులు. ఇంటింటా చేసుకునే చాక్లెట్ చిప్ కుకీ కొలతను, అంటే మసాచుసెట్స్‌లోని విట్‌మన్ ఊరిలో టోల్ హౌస్ ఇన్ నడిపిన రూత్ వేక్‌ఫీల్డ్ గారి పేరుతో 1930ల నుంచి వ్యాపించిన కొలతను, పూర్తిగా ఈ సీసాలో పెట్టాలనుకుంటే కుదరదు. అందులో రెండుంబావు కప్పుల మైదా, ఒకటిన్నర కప్పుల చక్కెరలు, రెండు కప్పుల చిప్స్, ఒక కప్పు పప్పులు ఉంటాయి. అన్నీ కలిపితే ఆరున్నర కప్పులు దాటుతుంది. దాన్ని సగం చేయాలి, లేదా సీసాకు తగిన మరో కొలత ఎంచుకోవాలి.

నేను వాడేది ఓట్స్ కలిసిన కొలత. మైదా 160 గ్రాములు, అందులో కలిపి జల్లించిన వంట సోడా అర టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్. తెల్ల చక్కెర 100 గ్రాములు, బ్రౌన్ షుగర్ 105 గ్రాములు, పాత పద్ధతి రోల్డ్ ఓట్స్ 95 గ్రాములు, ముక్కలు చేసిన అక్రోట్లు 55 గ్రాములు, చాక్లెట్ చిప్స్ 130 గ్రాములు. విడివిడిగా కప్పులతో కొలిస్తే ఇవి నాలుగున్నర కప్పులు వస్తాయి. కానీ ప్రతి వరుసనూ గట్టిగా అదిమితే క్వార్ట్ సీసాలో సరిపోతాయి. అదమడానికి అడుగు చదునుగా ఉన్న చిన్న గ్లాసు లేదా పప్పుగుత్తి పిడి చాలు. తీసుకున్నవారు కలపవలసింది 113 గ్రాముల వెన్న, అంటే ఇక్కడి లెక్కలో ఒక స్టిక్, ఒక పెద్ద గుడ్డు, ఒక టీస్పూన్ వెనిలా. ఓవెన్ 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 10 నుంచి 12 నిమిషాలు. సుమారు 24 కుకీలు వస్తాయి.

వరుసల విషయానికి వస్తే, సోడా, ఉప్పు కలిసిన మైదా అట్టడుగున ఉండాలి. మెత్తని పొడి పైన ఉంటే అది ఓట్స్ సందుల్లోంచి కిందికి జారి, రెండు రోజుల్లో వరుసలన్నీ కలగాపులగమవుతాయి. మైదా మీద తెల్ల చక్కెర, దాని మీద బ్రౌన్ షుగర్ వేసి బాగా అదమండి. బ్రౌన్ షుగర్‌లో మొలాసిస్ (చక్కెర తయారీలో మిగిలే నల్లని చెరకు పాకం) తేమ ఉంటుంది కాబట్టి అదిమితే పలకలా గట్టిపడి కింది పొడులను కదలనివ్వదు. ఆ పైన ఓట్స్, అక్రోట్లు, చివరగా చిప్స్. మైదా నింపగానే సీసా లోపలి గోడలను పొడి టిష్యూతో తుడిచాకే తెల్ల చక్కెర వేయండి. అలా తుడవకపోతే గాజు మీద అంటిన పిండి వల్ల పై వరుసలన్నీ మసకగా కనిపిస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యం సీసా పొడిగా ఉండడం. ఆవకాయ జాడీకి మనం ఎంత జాగ్రత్త పడతామో దీనికీ అంతే జాగ్రత్త కావాలి. ముందురోజే కడిగి, బోర్లించి, పూర్తిగా ఆరాకే నింపండి.

రసాయన పాఠం (పిట్స్‌బర్గ్)

ఎడిసన్ వంటిల్లు గారు చెప్పిన వరుసలో ఒక విశేషం ఉంది. దాన్ని విడమరచి చెప్పాలనిపించింది. సోడా ఉన్న మైదాకూ, తేమ ఉన్న బ్రౌన్ షుగర్‌కూ మధ్య తెల్ల చక్కెర అడ్డుగా ఉంది. బ్రౌన్ షుగర్ స్వల్పంగా ఆమ్ల గుణం కలిగినది. పిండి తడిసినప్పుడు సోడా చర్య జరిపేది దానితోనే. ఆ చర్య సీసాలో మొదలుకాకూడదు, గిన్నెలో మొదలవ్వాలి. బేకింగ్ పౌడర్ వాడే కొలత అయితే ఈ అడ్డు ఇంకా అవసరం. బేకింగ్ పౌడర్‌లో ఆమ్లమూ క్షారమూ రెండూ ముందే కలిసి ఉంటాయి కాబట్టి కాస్త చెమ్మ తగిలినా దాని బలం తగ్గిపోతుంది.

ఇక అసలు సంగతి. మామూలుగా కుకీలు చేసేటప్పుడు ముందు వెన్ననూ చక్కెరనూ కలిపి తెల్లగా నురుగు వచ్చేదాకా గిలక్కొడతాము. చక్కెర పలుకుల అంచులు వెన్నలో గాలి బుడగలను పుట్టిస్తాయి, ఓవెన్‌లో ఆ బుడగలే ఉబ్బి కుకీకి గుల్లదనాన్ని ఇస్తాయి. సీసాలో చక్కెర, మైదా ఒకే చోట ఉంటాయి కనుక తీసుకున్నవారికి ఈ అవకాశం లేదు. అందుచేత సీసాకు ఎంచుకునే కొలత, వెన్నను కరిగించి గానీ బాగా మెత్తబరచి గానీ మొత్తం పొడిలో ఒకేసారి కలిపినా బాగా వచ్చేదై ఉండాలి. ఓట్స్ ఉన్న కొలతలు ఇందుకు అనువైనవి. ఓట్స్ తడిని పీల్చుకుంటాయి కాబట్టి, కరిగిన వెన్నతో కలిపినా పిండి పలుచగా పరచుకుపోదు. పిండి కలిపాక అరగంట ఫ్రిజ్‌లో ఉంచమని చీటీలో రాస్తే వెన్న మళ్లీ గట్టిపడి కుకీలు ఇంకా చక్కటి ఆకారంతో వస్తాయి.

మరో మాట కూడా చీటీలో తప్పక ఉండాలి. తడి పదార్థాలు వేయకముందే సీసాలోని పొడి అంతటినీ పెద్ద గిన్నెలో పోసి చేత్తో బాగా కలపాలి. అలా కలపకపోతే అడుగున ఉన్న సోడా ఒకే చోట పడి, కొన్ని కుకీలు సబ్బు రుచితోనూ మిగిలినవి గట్టిగానూ తయారవుతాయి.

సాదాసీదా (అట్లాంటా)

నా అభిప్రాయం కాస్త వేరు. వరుసలు కళ్లకు ఇంపుగా ఉంటాయన్నది నిజమే గానీ, కాల్చేవారికి వాటి వల్ల ఒరిగేదేమీ లేదు. మైదా, సోడా, ఉప్పు, ఓట్స్ ముందే బాగా కలిపి ఒక సంచిలోనూ, రెండు చక్కెరలనూ కలిపి మరో సంచిలోనూ పెట్టి, రెండిటినీ ఒక డబ్బాలో ఉంచి ఇస్తే, రసాయన పాఠం గారు చెప్పిన వెన్న-చక్కెర గిలక్కొట్టే పనికి కూడా వీలు కలుగుతుంది కదా. చూపు కోసం రుచిని ఎందుకు వదులుకోవాలి?

ఎడిసన్ వంటిల్లు (న్యూజెర్సీ)

సాదాసీదా గారూ, మీ మాటలో న్యాయం ఉంది. కుకీలు తరచుగా కాల్చే అలవాటు ఉన్నవారికి ఇవ్వాలంటే నేనూ మీ పద్ధతినే ఎంచుకుంటాను. కానీ ఈ కానుకలో ఎక్కువ భాగం అంతగా వంట చేయని వారికి, పనిలో తలమునకలై ఉన్న ఉపాధ్యాయులకు, ఒంటరిగా ఉండే పెద్దవారికి వెళుతుంది. వారికి గిలక్కొట్టే యంత్రం తీయవలసిన పని లేకుండా, ఒక గిన్నె, ఒక గరిటెతో అయిపోవడమే దీనిలోని సదుపాయం. అంతేకాక సీసా బల్ల మీద నెల రోజులు కనిపిస్తూ ఉంటుంది, సంచి అల్మారా వెనక్కి వెళ్లిపోతుంది. తీసుకునేవారి వంటింట్లో ఏమున్నాయి, వారు ఎంత పని చేయగలరు అన్నదాన్ని బట్టే సీసా నింపాలన్నది నా గట్టి నమ్మకం. నింపేవారి ముచ్చట ఆ తరువాతే.

విశాఖ తీరం (విశాఖపట్నం)

మీ చర్చ చదువుతుంటే ఇక్కడి పరిస్థితి గురించి రాయాలనిపించింది. మా అమ్మాయి ఇదే కానుకను తన స్నేహితులకు ఇవ్వాలనుకుంటోంది. మన తీర ప్రాంతంలో గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి అమెరికా కొలతనూ పద్ధతినీ యథాతథంగా తీసుకోవడం కుదరదు. బ్రౌన్ షుగర్ ఖరీదు కూడా ఎక్కువే. అనకాపల్లి బెల్లం మా ఇంటి పక్కనే దొరుకుతుంది. దాన్ని పొడి చేసి వాడవచ్చా? చాక్లెట్ చిప్స్ ఎండాకాలంలో కరిగిపోతాయేమో అన్నది మరో సందేహం.

రసాయన పాఠం (పిట్స్‌బర్గ్)

విశాఖ తీరం గారూ, బెల్లం రుచికి సాటి లేదు గానీ సీసాలో మైదాతో కలిపి ఉంచడానికి అది తగదు. బెల్లం గాలిలోని చెమ్మను వేగంగా పీల్చుకుంటుంది. దానిలో సహజంగానే తేమ ఉంటుంది కనుక కొన్నాళ్లకు ముద్దకట్టి పక్కనున్న పిండిని కూడా తడి చేస్తుంది. బెల్లమే కావాలనుకుంటే విడిగా చిన్న పొట్లాంలో గట్టిగా మూసి సీసా మెడకు కట్టండి. లేదా మొత్తం తెల్ల చక్కెరతోనే చేయండి. అలా చేసినప్పుడు సోడాకు తోడుగా ఆమ్లం ఉండదు కాబట్టి దాని బదులు ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్ వేయాలి.

చాక్లెట్ గురించి మీ సందేహం సరైనదే. కోకో వెన్న సుమారు 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. విజయవాడలోనో, రామగుండంలోనో మే నెలలో గది వేడికే అవి కరిగి, రాత్రి మళ్లీ గట్టిపడి, తెల్లటి పూత పట్టినట్లు కనిపిస్తాయి. ఆ పూత హాని చేయదు గానీ కానుకకు అందం పోతుంది. కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో అయితే చాక్లెట్ వేయండి. వేసవిలో దానికి బదులు పలాస జీడిపప్పు ముక్కలు, ఎండుకొబ్బరి కోరు, కిస్మిస్ వేయవచ్చు. కిస్మిస్‌లో తేమ ఉంటుంది కనుక వాటిని కూడా చిన్న పొట్లాంలో కట్టి ఓట్స్ పైన ఉంచండి.

మన దేశంలో ఎక్కువగా దొరికేది ఉప్పు కలిపిన వెన్న. చీటీలో ఆ వెన్ననే రాస్తే, సీసాలో వేసే ఉప్పును చిటికెడుకు తగ్గించండి. ఇక్కడి స్టిక్ లెక్క అక్కడ పనికిరాదు. 100 గ్రాముల వెన్న పొట్లాం ఒకటి, ఒక టేబుల్‌స్పూన్ నెయ్యి అని రాస్తే ఎవరూ తూచుకోనక్కరలేదు.

చిరుధాన్యం (కరీంనగర్)

మైదాకు బదులు రాగి, జొన్న, సజ్జ పిండులు వాడితే ఎలా ఉంటుందో కూడా ఎవరైనా చెప్పండి. మా వైపు ఇప్పుడు వీటిపై ఆసక్తి బాగా పెరిగింది.

రసాయన పాఠం (పిట్స్‌బర్గ్)

చిరుధాన్యం గారూ, సజ్జ పిండిని మాత్రం వాడకండి. అందులో కొవ్వు ఎక్కువ, దాన్ని విరగ్గొట్టే ఎంజైములూ చురుకైనవి. పిండి ఆడించిన కొద్ది రోజులకే చేదెక్కడానికి కారణం అదే. సీసా కానుక వారాల తరబడి నిలవ ఉండాలి కదా. రాగిలో కొవ్వు చాలా తక్కువ కాబట్టి మూడింట ఒక వంతు మైదాను తీసి, ఆ మేరకు రాగి పిండి వేసుకోవచ్చు. పూర్తిగా రాగి అయితే మైదాలోని జిగురు ఉండదు కనుక కుకీలు విరిగిపోతాయి. పిండిని దోరగా వేయించి, పూర్తిగా చల్లార్చి వేస్తే రాగిలోని పచ్చి వాసన పోతుంది.

తీపిగింజ (ప్లేనో, టెక్సస్)

మీ అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. గుడ్డు తినని కుటుంబం సంగతి ఇంకా తేలలేదు. చీటీలో గుడ్డుకు బదులు పెరుగు అని రాస్తే సరిపోతుందా?

కూకట్‌పల్లి కోడలు (హైదరాబాద్)

తీపిగింజ గారూ, పావు కప్పు గట్టి పెరుగు వేస్తే పని జరుగుతుంది గానీ కుకీలు కాస్త కేకులా మెత్తగా వస్తాయి. ఒక టేబుల్‌స్పూన్ అవిసె గింజల పొడిని మూడు టేబుల్‌స్పూన్ల నీటిలో పది నిమిషాలు నానబెట్టి వేయడం మరో మార్గం. అయితే అవిసె పొడి త్వరగా ముక్కిపోతుంది కనుక దాన్ని ముందే సీసాలో వేయకండి.

నన్నడిగితే గుడ్డుకు బదులు వెతుక్కోవడం కన్నా, మొదటి నుంచీ గుడ్డే అక్కరలేని నాన్ ఖటాయి మిశ్రమం ఇవ్వడం మేలు. నాన్ ఖటాయి సూరత్‌తో ముడిపడి పేరు పొందిన వంటకం. గుజరాతీ కుటుంబానికి మీరు దాన్ని ఇస్తే, వారి కోసం ప్రత్యేకంగా ఆలోచించారని వారికి తెలుస్తుంది. దీనికి క్వార్ట్‌లో సగం ఉండే పింట్ సీసా చాలు. మైదా 120 గ్రాములు, అర టీస్పూన్ బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, శెనగపిండి 30 గ్రాములు, బొంబాయి రవ్వ 20 గ్రాములు, పొడి చేసిన చక్కెర 60 గ్రాములు, పావు టీస్పూన్ యాలకుల పొడి, పైన అలంకరణకు పిస్తా పలుకులు. తీసుకున్నవారు కలపవలసింది అరకప్పు నెయ్యి మాత్రమే. నెయ్యి పేరుకుని మెత్తగా ఉండాలి, కరిగి ద్రవంగా ఉండకూడదు. ఉండలు చేసి, కాస్త అదిమి, 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో సుమారు 15 నిమిషాలు, అంచులు లేత బంగారు రంగుకు వచ్చేదాకా కాల్చాలి. వేడిగా ఉన్నప్పుడు ముట్టుకుంటే పొడిపొడి అవుతాయి కాబట్టి పళ్లెం మీదే చల్లారనివ్వమని చీటీలో రాయండి.

రవ్వకూ శెనగపిండికీ పురుగు పట్టే గుణం ఉంది. రెండిటినీ నూనె లేకుండా సన్నని మంట మీద వేయించి, పూర్తిగా చల్లార్చి నింపండి. గోరువెచ్చగా ఉండగానే మూత పెడితే లోపల ఆవిరి పట్టి అంతా పాడవుతుంది.

పాత సీసాలు (ఇండియానాపోలిస్)

సీసాల గురించి ఒక మాట. మరలున్న మూత గల ఈ సీసాకు జాన్ లాండిస్ మేసన్ అనే రేకు పనివాడు 1858 నవంబరు 30న పేటెంటు పొందాడు, అందుకే మేసన్ జార్ అన్న పేరు నిలిచింది. మా రాష్ట్రంలోని మన్సీ పట్టణంలో బాల్ సోదరులు వీటిని పెద్ద ఎత్తున తయారు చేయడంతో అమెరికా ఇళ్లన్నిటికీ చేరాయి. వేసవిలో పండ్లనూ కూరగాయలనూ నిలవ చేసుకోవడానికి పుట్టిన సీసాలు ఇవి. మూత రెండు భాగాలుగా, అంటే ఒక పలుచని బిళ్ల, దాన్ని బిగించే కట్టుగా ఉంటుంది. గుడ్డ ముక్కను ఆ రెండిటి మధ్య పెట్టి బిగిస్తే దారం కట్టనక్కరలేదు. మొదటిసారి నింపేవారు వెడల్పు మూతి సీసాలు కొనుక్కోండి, చెయ్యి లోపలికి వెళ్లి అదమడం సులువవుతుంది.

కొందరు ఇదే సీసాల్లో కేకు కాల్చి, వేడిగా ఉండగానే మూత బిగించి, నెలల తరబడి నిలవ ఉంటుందని కానుకగా ఇస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. కేకులో తేమ ఉంటుంది, మూత బిగిశాక లోపల గాలి ఉండదు. బోట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషబాధను కలిగించే సూక్ష్మజీవి పెరగడానికి అది అనువైన చోటు. ఇక్కడి ఆహార నిల్వ నిపుణులు దీన్ని స్పష్టంగా వద్దంటున్నారు. పొడి మిశ్రమానికి ఆ భయం లేదు.

రసాయన పాఠం (పిట్స్‌బర్గ్)

పాత సీసాలు గారు భద్రత ప్రస్తావన తెచ్చారు కనుక మిగిలినది కూడా చెబుతాను. మైదా పచ్చి పదార్థం అన్న సంగతి చాలామందికి తట్టదు. 2016లో అమెరికాలో పిండి వల్లే ఈ.కోలై అనే బాక్టీరియా సోకి ఎన్నో రాష్ట్రాల్లో జనం అస్వస్థులయ్యారు. కాబట్టి చీటీలో "కాల్చకముందు పిండిని రుచి చూడవద్దు" అన్న వాక్యం ఉండాలి, పిల్లలున్న ఇళ్లకు ఇచ్చేటప్పుడు మరీ ముఖ్యం. పిండిని ఇంట్లో ఓవెన్‌లో వేడిచేస్తే సురక్షితమవుతుందని కొందరు అంటారు గానీ అమెరికా ఆహార, ఔషధ సంస్థ దాన్ని నమ్మదగిన పద్ధతిగా ఒప్పుకోవడం లేదు.

పప్పుల విషయం కూడా చూసుకోండి. అక్రోట్లు, బాదం, జీడిపప్పు, వేరుశెనగ, గోధుమ, పాలు, గుడ్డు, సోయా ఇక్కడ ప్రధానమైన అలర్జీ కారకాల జాబితాలో ఉన్నాయి. 2023 జనవరి 1 నుంచి నువ్వులు కూడా అందులో చేరాయి. కానుకకు లేబులు పెట్టాలన్న చట్టం లేకపోయినా, సీసాలో ఏమేమి ఉన్నాయో పూర్తిగా రాయడం మన బాధ్యత. ఎవరికి ఏది పడదో తెలియనప్పుడు పప్పులు మానేసి, ఆ ఖాళీని మరికొన్ని ఓట్స్‌తోనూ చిప్స్‌తోనూ నింపండి. పప్పులు లేని సీసా ఎక్కువ కాలం నిలవ కూడా ఉంటుంది, ఎందుకంటే అన్నిటికన్నా ముందు ముక్కిపోయేది అక్రోటు నూనే. పప్పులున్న సీసాను రెండు నెలల్లోపు వాడమని తేదీ వేసి ఇవ్వండి.

సాదాసీదా (అట్లాంటా)

ప్రయాణం గురించి ఎవరూ చెప్పలేదు. సంక్రాంతికి ఇండియా వెళ్లేవారు ఈ సీసాను చేతి సంచిలో పెట్టుకోకండి. 350 మిల్లీలీటర్లకు మించిన పొడి పదార్థాలను అమెరికా విమానాశ్రయాల్లో విడిగా తీయించి తనిఖీ చేస్తారు, కొన్నిసార్లు సీసా తెరిపిస్తారు. అందంగా పేర్చిన వరుసలు అక్కడే చెదిరిపోతాయి. పెద్ద పెట్టెలో బట్టల మధ్య చుట్టి పెట్టడం మంచిది. సీసాలో పైన ఖాళీ మిగిలితే బేకింగ్‌కు వాడే కాగితాన్ని మడిచి కుక్కండి, కుదుపులకు వరుసలు కదలవు.

తీపిగింజ (ప్లేనో, టెక్సస్)

మీరు చెప్పినవన్నీ చేర్చి చీటీ రాశాను. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ అయ్యాక సీసాలు నింపుతాను. ఇంగ్లీషులో రాసేముందు తెలుగులో ఇక్కడ పెడుతున్నాను, దయచేసి సరిచూడండి.

"సీసాలోని మిశ్రమాన్ని పెద్ద గిన్నెలో పోసి బాగా కలపండి. 113 గ్రాముల కరిగించిన వెన్న, ఒక గుడ్డు, ఒక టీస్పూన్ వెనిలా వేసి ముద్దగా కలిపి, అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. ఓవెన్‌ను 350 డిగ్రీలకు వేడిచేసి, నిమ్మకాయంత ఉండలు చేసి, రెండంగుళాల ఎడంతో పెట్టి 10 నుంచి 12 నిమిషాలు కాల్చండి. కాల్చకముందు పిండిని రుచి చూడవద్దు. ఇందులో గోధుమ, ఓట్స్, సోయా, పాల పదార్థాలు ఉన్నాయి. ఫిబ్రవరి నెలాఖరులోగా వాడండి."

ఎడిసన్ వంటిల్లు (న్యూజెర్సీ)

బాగుంది తీపిగింజ గారూ. రెండు మార్పులు చేయండి. కరిగించిన వెన్న వేడిగా ఉండగా గుడ్డు వేస్తే గుడ్డు ఉడికి పలుకులవుతుంది, చాక్లెట్ కూడా కరిగి పిండి అంతా నల్లబడుతుంది. "కరిగించి, గోరువెచ్చగా చల్లార్చిన వెన్న" అని రాయండి. నిమ్మకాయంత ఉండ అంటే పెద్దదైపోతుంది, ఆ సమయంలో మధ్యలో పచ్చిగా మిగులుతుంది. ఇంగ్లీషు చీటీలో నిండు టేబుల్‌స్పూన్ అని రాస్తే 24 కుకీలు సరిగ్గా వస్తాయి, అందరి ఇంట్లోనూ ఆ చెంచా ఉంటుంది. అంచులు రంగు తిరిగి, మధ్యలో ఇంకా మెత్తగా ఉన్నప్పుడే ఓవెన్‌లోంచి తీసి, ఐదు నిమిషాలు పళ్లెం మీదే ఉంచమన్న మాట కూడా చేర్చండి.

తీపిగింజ (ప్లేనో, టెక్సస్)

అలాగే మార్చాను. గుజరాతీ కుటుంబానికి పింట్ సీసాలో నాన్ ఖటాయి, మిగిలిన వారికి పప్పులు లేని ఓట్స్ కుకీలు. వెడల్పు మూతి సీసాలు ఈ వారమే తెచ్చుకుంటాను.